చివరి దుకాణం దాకా వెళ్ళే బండి



మా ఖమ్మం వైపు ఎవరైనా "సరుకు డీసీఎంలో వస్తోంది" అంటే అది ఏ కంపెనీ బండి అని ఎవరూ అడగరు. ముందు క్యాబిన్, వెనక అదే ఛాసిస్ మీద బిగించిన తొట్టి, ఆరు టైర్లు ఉంటే చాలు, అది డీసీఎమ్మే. నిజానికి ఆ మూడక్షరాలు ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లువి. 1980ల మధ్యలో ఆ కంపెనీ జపాన్ టయోటాతో కలిసి చిన్న లారీలు చేసింది. అదే రోజుల్లో ఐషర్ మిత్సుబిషితో, స్వరాజ్ మాజ్డాతో, మన హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో జత కట్టాయి. ఆల్విన్ లారీలు జహీరాబాద్‌లో తయారయ్యేవి. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు చేసిన ఆల్విన్ లారీలు కూడా చేసిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రాకు పోయింది. డీసీఎం టయోటా దేవూ చేతికి పోయి కార్ల కంపెనీ అయింది, అదీ మూతపడింది. బండి పోయినా పేరు మా రోడ్ల మీద తిరుగుతూనే ఉంది. 

ఇలాంటి బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఖమ్మంలో సరుకు ఎక్కించుకుని, దారి పొడవునా దుకాణాలకు దింపుకుంటూ ఏజెన్సీ దాకా వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. నేను ముప్పై ఏళ్ళు కిరాణా హోల్‌సేల్ లైన్ బండ్ల వెనక తిరిగాను. కొన్నవాటిలో మంచివీ ఉన్నాయి, నన్ను ముంచినవీ ఉన్నాయి.

ముందు ఆ దారిని ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి. తెల్లవారుజామున లోడు పూర్తవుతుంది. ఉప్పు, పప్పు, నూనె డబ్బాలు, సబ్బుల పెట్టెలు, బిస్కెట్లు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం దాదాపు 80 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి పాల్వంచ, సారపాక దాటి, 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన గోదావరి వంతెన ఎక్కి దిగితే భద్రాచలం. అది ఇంకో 40. అక్కడితో అయిపోదు. దుమ్ముగూడెం, చర్ల దాకా మరో 60. పోను రాను కలిపితే 360 కిలోమీటర్లు, మధ్యలో పాతిక ముప్పై చోట్ల ఆగాలి. ఖమ్మంలో తొట్టి నిండా ఉన్న సరుకు కొత్తగూడెం దాటేసరికి సగమవుతుంది. చర్లలో చివరి దుకాణం ముందు ఆగేసరికి మిగిలేది నాలుగు పెట్టెలు, రెండు బస్తాలు.

బండి కొనేవాళ్ళంతా ఖమ్మంలో ఎక్కే లోడును చూసి బండి ఎంచుకుంటారు. నేను మాత్రం చర్లలో ఆ చివరి దుకాణాన్ని చూసి ఎంచుకోమంటాను. అక్కడి సందు ఎంత వెడల్పు, బండి తిప్పుకోవడానికి చోటుందా, దారిలో చప్టాలెన్ని, దింపడానికి హమాలీలు ఎందరు దొరుకుతారు, బండి మొరాయిస్తే చూసే మెకానిక్ ఉన్నాడా. ఖమ్మంలో ఏ బండి అయినా నడుస్తుంది. అక్కడ మనిషికో మెకానిక్ ఉన్నాడు.

సైజు సంగతి చూద్దాం. టాటా వాళ్ళ పాత పేర్లలోనే లెక్క ఉంది. 1986లో వచ్చిన 407 అంటే బండితో సహా మొత్తం బరువు నాలుగు టన్నుల తరగతి, ఇంజన్ 70 గుర్రాల తరగతి. 709 అంటే ఏడు టన్నులు, 90 గుర్రాలు. 1109 అంటే పదకొండు, 90. కొత్త మోడళ్ళకు ఈ లెక్క అచ్చంగా కుదరదు గానీ పాతవాటికి చాలావరకు కుదురుతుంది. ఏ కంపెనీ బండి అయినా ఆర్‌సీలో రెండు బరువులు రాసి ఉంటాయి, ఖాళీ బరువు ఒకటి, మొత్తం బరువు ఒకటి. ఆ రెండింటికీ తేడా ఎంతో అంతే మీ సరుకు. అమ్మేవాడు "నాలుగు టన్నులు ఈజీగా లాగుతుంది సార్" అంటాడు. లాగడం వేరు, మొయ్యడం వేరు, రవాణా శాఖ వాళ్ళ కాటా మీద నిలబడడం వేరు.

మనం పాతిక దుకాణాలు, దుకాణానికి 150 కిలోలు అనుకుందాం. మొత్తం 3,750 కిలోలు. 407 చాలదు. పదకొండు టన్నుల బండి కొంటే మొదటి మజిలీకే తొట్టిలో చోటు మిగిలిపోతుంది, ఆ తర్వాత దారంతా సగం ఖాళీ బండికి డీజిలు పోస్తాం. ఏడెనిమిది టన్నుల తరగతి, 14 అడుగుల తొట్టి ఈ లైనుకు సరిపోతుంది. "పెద్దది కొంటే రేపు వ్యాపారం పెరిగినప్పుడు పనికొస్తుంది కదా" అని మా బావమరిది లాంటివాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. పెరిగినప్పుడు అలాంటిదే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఒకటి షెడ్డులో పడ్డా రెండోది తిరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా లెక్క సడలిస్తాను. అది తిరుగు లోడు. ఖాళీగా వెనక్కి వచ్చే బండి ఓనర్ని తింటుంది. ఈ సంగతి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థను, అంటే జీసీసీని, చూస్తే తెలుస్తుంది. జీసీసీ డిపోలకు బియ్యం, ఉప్పు, కిరాణా పోతాయి. అడవి నుంచి చింతపండు, కుంకుడుకాయ, ఇప్పపువ్వు కొనుగోలై బయటికొస్తాయి. పోయే దారిలోనూ వచ్చే దారిలోనూ సరుకున్న వ్యాపారం అది. మనకైతే మిర్చి సీజన్‌లో వెంకటాపురం, చర్ల వైపు నుంచి ఖమ్మం మార్కెట్‌కు బస్తాలు దొరుకుతాయి. మిర్చికి బరువు తక్కువ, చోటు ఎక్కువ. అలాంటి కిరాయి ఖాయంగా ఉన్నవాళ్ళు అదే తరగతిలో 17 అడుగుల తొట్టి చూసుకోవచ్చు. వెదురు, తునికాకు లాంటివి మాత్రం అటవీ శాఖ కాగితం చేతికి రాకుండా ఎక్కించకండి. ఆ కిరాయి కోసం బండినే చెక్‌పోస్టు దగ్గర వదిలి రావాల్సి వస్తుంది.

పొడుగు తొట్టి అన్నాను కదా, ఇక్కడ ఒక మోసం ఉంది. కంపెనీ 14 అడుగులకు ఇచ్చిన ఛాసిస్ మీద వెల్డింగ్ కొట్టి 17 అడుగుల బాడీ కూర్చోబెడతారు. వెనక టైర్ల అవతల తోకలాగా వేలాడుతుంది. హైవే మీద ఏమీ తెలియదు. చప్టా దిగి ఎక్కేటప్పుడు ఆ తోక నేలకు రాసుకుంటుంది. వెనకే బరువుంటే ముందు టైర్లు తేలిపోయి స్టీరింగ్ తేలికవుతుంది. తేలిగ్గా తిరుగుతోందని డ్రైవరు సంబరపడతాడు గానీ, అది సంబరపడే సంగతి కాదు.

తొట్టి ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరు. నేను ముందు అదే చూస్తాను. తొట్టి అంచు హమాలీ ఛాతీ దగ్గరుండాలి. రోజుకు పాతిక చోట్ల దింపాలంటే ఆ జానెడు ఎత్తు తేడా సాయంత్రానికి రెండు గంటల తేడా అవుతుంది. పూర్తిగా మూసిన కంటైనర్ బాడీ వానకు మంచిదే, దొంగలకూ భయం. కానీ దానికి తలుపు వెనక ఒక్కటే. మూడో దుకాణం వాడు పెళ్ళికి పోయి తాళం వేసుంటే వాడి సరుకంతా కిందికి దించి నాలుగోవాడిది తీయాలి. అడవి దారిలో కొమ్మలు పైకప్పును గీకుతాయి. రెండు పక్కలా వెనకా డాలాలు తెరుచుకునే ఓపెన్ బాడీ, మీద మంచి పట్టా, నా ఓటు దానికే. చివర దింపేది ముందు ఎక్కించాలని కొత్తగా చెప్పక్కర్లేదు. పక్క డాలా ఉంటే ఆ క్రమం తప్పినా పని ఆగదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాత బండి కొనేటప్పుడు అందరూ "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది" అని అడుగుతారు. మీటరు మాట మీటరుది. "ఇన్నాళ్ళూ ఏం మోసింది" అని అడగాలి.

మా చుట్టుపక్కల పాత బండ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో చూడండి. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు వైపు బొగ్గు. పాల్వంచలో థర్మల్ స్టేషన్ బూడిద. గోదావరి ఒడ్డున ఇసుక. కొల్లేరు వైపు నుంచి చేపలు. ఈ నాలుగూ నాలుగు రకాలుగా బండిని తినేస్తాయి. బూడిద ఎయిర్ ఫిల్టర్‌లోంచి జారి ఇంజన్ బోరును అరగదీస్తుంది. బొగ్గు బండికి ఓవర్‌లోడు అలవాటు, కమాన్లు చచ్చి ఉంటాయి. చేపల బండి నుంచి ఐసు నీళ్ళు, ఉప్పు ఏళ్ళ తరబడి కారి ఛాసిస్‌ను తుప్పు పట్టిస్తాయి.

ఇసుక సంగతి నా అనుభవమే. ఒక బ్రోకర్, పేరు చెప్పను, మెరిసిపోయే రంగు వేసిన బండి చూపించాడు. ధర మార్కెట్ కంటే కాస్త తక్కువ. ఎందుకు తక్కువో అడక్కుండా బయానా ఇచ్చేశాను. రెండు నెలలు తిరగ్గానే వెనక కమాన్లు తగిలించే చోట కిర్రుకిర్రుమని మోత. మెకానిక్ కిందికి దూరి సుత్తితో ఛాసిస్‌ను తట్టుకుంటూ పోయాడు. ఒక చోట శబ్దం మొద్దుగా వచ్చింది. రంగు గీకితే కింద చీలిక, దాని మీద పాత వెల్డింగు. ఇంకోసారి తట్టాడు. ఛాసిస్ మడతలోంచి చెంచాడు ఇసుక జలజలా వాడి ముఖం మీద రాలింది. వాడు ముఖం తుడుచుకుని బయటికొచ్చి, "అన్నా, ఇది గోదాట్లోనే పుట్టినట్టుందే" అన్నాడు. తడి ఇసుక మోసిన బండి అది. నీళ్ళు ఏళ్ళ తరబడి ఇనుములోకి దిగాయి.

మంచి గతమున్న బండ్లూ ఉంటాయి. బిస్కెట్లు, మందులు, పార్శిళ్ళు మోసినవి. వాటి ఛాసిస్ పదేళ్ళయినా పెళ్ళికూతురిలా ఉంటుంది. అయితే అవి ఆగి ఆగి తిరిగిన బండ్లు. కాబట్టి క్లచ్ పెడల్ రబ్బరు చూడండి, డ్రైవరు పక్క తలుపు కీళ్ళు చూడండి, సెల్ఫ్ ఎలా అందుకుంటుందో చూడండి. రోజుకు యాభై సార్లు దిగి ఎక్కిన బండికి తలుపు వేలాడుతుంది. మీటరు ఎంత తక్కువ చూపించినా ఆ తలుపు నిజం చెబుతుంది. నాలుగు లక్షల కిలోమీటర్లు విజయవాడ హైవే మీద సాఫీగా నడిచిన బండికి క్లచ్, గేర్‌బాక్సు కొత్తగా ఉండొచ్చు, లక్షన్నర కిలోమీటర్లు టౌనులో తిరిగిన దానికి అవి అయిపోయి ఉండొచ్చు.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. జపాన్‌లో వాడేసిన చిన్న లారీలు ఓడలెక్కి కెన్యాలో మొంబాసాకు, టాంజానియాలో దార్ ఎస్ సలాంకు పోతాయి. ఆ దేశాల్లోనూ మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు. అక్కడ ఊళ్ళకు సరుకు పంచే చిన్న లారీ ఏ కంపెనీదైనా జనం దాన్ని "కాంటర్" అంటారు. అది మిత్సుబిషి బండి పేరు. మనకు డీసీఎం ఎలాగో వాళ్ళకు కాంటర్ అలాగ. అక్కడి కొనుగోలుదారు బండిని కళ్ళతో చూడడు. వేలం షీటు మీద మార్కులు, అడుగు నుంచి తీసిన ఫోటోలు చూసి డబ్బు కడతాడు. యూరప్ బండి అయితే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసిస్‌ను తినేసి ఉంటుందని భయం. కెన్యా ప్రభుత్వం ఎనిమిదేళ్ళు దాటిన బండిని రేవులోనే ఆపేస్తుంది. మన దేశమైతే మూడేళ్ళు దాటిన పాత బండిని బయటి నుంచి రానివ్వదు. అందుకే మన పాత బండ్ల సంత అంతా ఇంట్లోదే. 2015లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దన్నాక అక్కడి బండ్లు ఎన్‌ఓసీ పట్టుకుని బయటి రాష్ట్రాల దారి పట్టాయి. మొంబాసా వాడికి ఫోటో తప్ప దిక్కు లేదు. మనం బండి కిందికి దూరి చూడగలిగి కూడా చొక్కా మాస్తుందని దూరం.

వయసు విషయంలో ఒక చిక్కుముడి ఉంది, దాన్ని జాగ్రత్తగా వినండి. 2017 ఏప్రిల్ ముందు, బీఎస్-3 అనే పాత పొగ నిబంధన కింద వచ్చిన బండ్లలో చాలావాటిని చర్లలో చెట్టు కింద మెకానిక్ కూడా స్పానర్లతో బాగుచేస్తాడు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సార్లు, కంప్యూటరు. చాలావాటికి యాడ్‌బ్లూ పోయాలి, మన డ్రైవర్లు దాన్ని యూరియా అంటారు. అడవి మధ్యలో ఒక సెన్సారు అలిగితే బండి ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవాడు కొత్తగూడెం నుంచో ఖమ్మం నుంచో రావాలి. అలా అని బీఎస్-3 కొనేద్దామంటే, రెండు ఇరుసుల లారీకి 12 ఏళ్ళు దాటాక నేషనల్ పర్మిట్ ఇవ్వరు. 2016లో రోడ్డెక్కిన బండికి 2028తో ఆ తలుపు మూసుకుంటుంది. బాగుచేసుకోవడానికి వీలైన బండికి పర్మిట్ ఆయుష్షు తక్కువ, పర్మిట్ ఆయుష్షు ఉన్న బండిని అడవిలో బాగుచేసేవాడు తక్కువ.

"మనం తిరిగేది తెలంగాణలోనే కదా, నేషనల్ పర్మిట్ ఎందుకు" అంటారేమో. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక లాంటి ఊళ్ళు అటు వెళ్ళాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్ళే రోడ్డు ఆ ఊళ్ళ మీదుగానే పోతుంది. మీరు తెలంగాణలో బయల్దేరి, కాసేపు ఆంధ్రాలో నడిచి, మళ్ళీ తెలంగాణలో దిగుతారు. చింతూరు, కూనవరం దుకాణాలు కూడా మీ లైనులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కొంటా చేరితే ఛత్తీస్‌గఢ్. ఒక్క రోజులో మూడు రాష్ట్రాల పోలీసులు మీ కాగితాలు చూడొచ్చు. నన్నడిగితే 2017కూ 2020కీ మధ్య వచ్చిన బీఎస్-4 బండ్లలో వెతకమంటాను. వాటిలోనూ ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి గానీ యూరియా బాధ చాలావాటికి లేదు, మెకానిక్‌ల చెయ్యి వాటి మీద తిరిగింది, విజయవాడ ఆటోనగర్‌లో పాత విడిభాగాలు దొరుకుతాయి. టైరు సైజు కూడా భద్రాచలంలో దొరికేదై ఉండాలి. రీబటన్ టైర్లతో అమ్మితే నాలుగు కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి కొట్టేసి మాట్లాడండి.

చూడ్డానికి ఎప్పుడు వెళ్ళాలి? చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున. చెప్పి వెళ్తే వాడు ముందే స్టార్ట్ చేసి ఇంజన్ వేడి చేసి ఉంచుతాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే టీ తాగి మధ్యాహ్నం రండి. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కు అందుకోవాలి. నల్ల పొగ అయితే నాజిళ్ళో ఫిల్టరో, ఖర్చుతో పోతుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిలు తాగుతోంది, దానికి దండం పెట్టి రండి. తర్వాత సరుకు బరువుతో నడపాలి. ఎత్తు మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, మళ్ళీ లేపి చూడాలి. ఖాళీ బండి ఎవడి చేతిలోనైనా బుద్ధిగానే ఉంటుంది.

కాగితాల గురించి క్లుప్తంగా. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే ఫారం 35 లేకుండా కదలకండి. పేరు మార్పుకు 29, 30. బయటి రాష్ట్రం బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ. పెండింగ్ చలాన్లు, రోడ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఎనిమిదేళ్ళ దాకా ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అదే ఎఫ్‌సీ, రెండేళ్ళకోసారి, ఆ పైన ఏటా. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆర్‌సీలోని అంకెలతో ఒక్కొక్కటే సరిపోల్చండి. పేరు మారే దాకా మొత్తం డబ్బు ఇవ్వకండి. అమ్మేవాళ్ళకు కూడా ఒక మాట. రికార్డులో మీ పేరుండగా ఆ బండి ప్రమాదం చేస్తే నష్టపరిహారానికి బాధ్యులు మీరేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం మిమ్మల్ని కాపాడదు.

వానాకాలం లెక్క కూడా ధరలో వేసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, వంతెన మీదే రాకపోకలు ఆపేశారు. హెచ్చరికలు పెరిగే కొద్దీ చర్ల రోడ్డు ఎక్కడో ఒక చోట నీళ్ళలో ఉంటుంది. ఆ రోజుల్లో బండి నిలబడినా నెల వాయిదా నిలబడదు. కాబట్టి ఏడాదికి పన్నెండు నెలల సంపాదన లెక్కగట్టి అప్పు తీసుకోకండి. పదిన్నర నెలలే లెక్కగట్టండి.

చివరగా నేను కొనని బండి గురించి చెప్పి ముగిస్తాను. ఇసుక బండి దెబ్బ తిన్నాక రెండేళ్ళకు ఇంకొకటి చూశాను. ఛాసిస్ బంగారం. ఇంజన్ కుక్కర్‌లా గుట్టుగా నడిచింది. పర్మిట్ ఏడేళ్ళుంది. అయినా బయానా ఇచ్చే ముందు, డీజిలు నేనే పోయించుకుంటానని బ్రోకర్‌ను ఒప్పించి, అర లోడు వేసుకుని చర్ల దాకా తోలాను. చప్టాలన్నీ దాటింది. సందులో ఒక్క రివర్సుతో తిరిగింది. చివరి దుకాణం ముందు ఆపాను. ఎప్పుడూ మాకు దింపే హమాలీ, పొట్టి మనిషి, బస్తా తీయడానికి వచ్చి తొట్టి అంచు మీద చెయ్యి ఆనించాడు. చెయ్యి భుజం దాటి పైకి పోయింది. "నెత్తి దాకొచ్చింది సారూ. ఒక బస్తా అయితే దించుత, రోజూ అంటే నా వల్ల గాదు" అన్నాడు. సాయంత్రానికి ఖమ్మం వచ్చి తాళాలు ఇచ్చేశాను. బ్రోకర్ నెల రోజులు నాతో మాట్లాడలేదు.